37 ఏళ్ల కాళ్లు, 8 మిల్లీమీటర్ల పచ్చిక: వింబుల్డన్ 2019 యాత్ర

జూన్ 30, ఆదివారం

వింబుల్డన్ సీడింగుల జాబితా (ముందస్తు రౌండ్లలో మేటి ఆటగాళ్లు ఒకరికొకరు ఎదురుపడకుండా ఇచ్చే వరుస సంఖ్యలు) వెలువడినప్పుడు మొదలైన వాదం నేను లండన్‌లో దిగేసరికి కూడా చల్లారలేదు. ప్రపంచ ర్యాంకింగుల్లో రెండో స్థానంలో ఉన్న రఫెల్ నాదల్‌కు మూడో సీడు, మూడో స్థానంలో ఉన్న రోజర్ ఫెదరర్‌కు రెండో సీడు దక్కాయి. మిగతా గ్రాండ్‌స్లామ్ టోర్నీలు ర్యాంకింగునే సీడింగుగా తీసుకుంటాయి. వింబుల్డన్ మాత్రం ఈ ఏడాది కూడా పురుషుల సింగిల్స్‌లో, గత 12 నెలల్లో పచ్చిక కోర్టులపై సంపాదించిన పాయింట్లను ర్యాంకింగు పాయింట్లకు మరోసారి కలిపి, అంతకు ముందటి 12 నెలల్లో పచ్చికపై సాధించిన ఒక్క ఉత్తమ ఫలితానికి 75 శాతం జోడించి లెక్క కట్టింది. నాదల్ ఈ పద్ధతిపై అసంతృప్తిని దాచుకోలేదు. నా దృష్టిలో ఇది ఫెదరర్‌కు అందిన మొదటి సాయం, ఎందుకంటే రెండో సీడుగా ఉన్నవాడికి మొదటి సీడు నొవాక్ జకోవిచ్ ఫైనల్లో తప్ప ఎదురుపడడు.

ఆగస్టు 8 వస్తే ఫెదరర్‌కు 38 నిండుతాయి. ఈ ఏడాది అతను దుబాయ్‌లో వందో టైటిల్ గెలిచాడు, మయామీలో 101వది, వారం క్రితం జర్మనీలోని హాలేలో 102వది. హాలే పచ్చికపై అతనికిది పదో టైటిల్. నాలుగేళ్ల తర్వాత ఫ్రెంచ్ ఓపెన్ మట్టికోర్టుల్లో అడుగుపెట్టి సెమీఫైనల్ దాకా వెళ్లి, గాలి హోరులో నాదల్ చేతిలో వరుస సెట్లలో ఓడాడు. మరోవైపు నిరుడు ఇదే వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్లో కెవిన్ ఆండర్సన్‌పై రెండు సెట్లు ముందుండి, మూడో సెట్లో మ్యాచ్ పాయింటు కూడా చేజార్చుకుని, చివరికి ఐదో సెట్లో 11-13తో ఓడిన సంగతి ఉంది. గ్రాండ్‌స్లామ్‌లలో జకోవిచ్‌ను అతను చివరిసారి ఓడించింది 2012లో, ఇక్కడే, సెమీఫైనల్లో.

లండన్ శివారు హౌన్‌స్లోలో మా పిన్ని కొడుకు ఇంట్లో నా బస. నేను సామాను దించే సమయానికి ఆ ఇంటి హాల్లో వేరే ముసలివాడి గురించి పంచాయితీ నడుస్తోంది. క్రికెట్ ప్రపంచ కప్‌లో భాగంగా ఎడ్జ్‌బాస్టన్‌లో ఇంగ్లండ్ చేతిలో భారత్ 31 పరుగుల తేడాతో ఓడింది, ఆఖరి ఓవర్లలో ధోనీ ఆడిన తీరుపై ఒక్కొక్కరూ ఒక్కో తీర్పు ఇస్తున్నారు. ధోనీ, ఫెదరర్ ఇద్దరూ 1981లో పుట్టినవారే. “అన్నయ్యా, నీవాడికీ మావాడికీ నెల రోజులే తేడా, ఇద్దరినీ ఇంటికి పంపే రోజులొచ్చాయి” అన్నాడు తమ్ముడు. నా లెక్క అది కాదు. పచ్చికపై పాయింట్లు త్వరగా ముగుస్తాయి కనుక ఫెదరర్ అవకాశాలు అతని వయసుపై కాక, ఫైనల్‌కు ముందు కోర్టుపై అతను ఖర్చు చేసే గంటలపై ఆధారపడతాయని నా నమ్మకం. ఈ రెండు వారాలూ ఆ గంటలను లెక్కపెట్టడానికే నేను వచ్చాను.

జూలై 1, సోమవారం

సౌత్‌ఫీల్డ్స్ స్టేషన్‌లో దిగి జనం వెంట నడిస్తే దారి అడగాల్సిన పని లేదు. వింబుల్డన్ పార్కు మైదానంలో నిలిచే క్యూకు ఒక రాజ్యాంగమే ఉంది. చివరన చేరిన ప్రతి మనిషికీ తేదీ, వరుస సంఖ్య ముద్రించిన కార్డు ఒకటి ఇస్తారు. సెంటర్ కోర్టు, ఒకటో నంబరు కోర్టు, రెండో నంబరు కోర్టు, ఒక్కోదానికి రోజూ 500 టికెట్ల చొప్పున ఈ క్యూలోనివారికి కేటాయిస్తారు. చివరి నాలుగు రోజులు మాత్రం సెంటర్ కోర్టుకు ఆ అవకాశం ఉండదు. మిగిలినవారికి మైదాన ప్రవేశం దొరుకుతుంది, దానితో చిన్న కోర్టుల మ్యాచ్‌లు చూడవచ్చు, పెద్ద తెర ఎదుట గడ్డి గుట్ట మీద కూర్చోవచ్చు. నాకు దక్కింది అదే.

మొదటి రోజు సెంటర్ కోర్టును డిఫెండింగ్ చాంపియన్ ప్రారంభించడం ఆనవాయితీ కనుక ఇవాళ జకోవిచ్ ఆడి గెలిచాడు, ఫెదరర్‌ది రేపు. కానీ అతని అవకాశాలకు సంబంధించిన కబుర్లు ఇవాళే రెండు వచ్చాయి. ఆరో సీడు అలెగ్జాండర్ జ్వెరెవ్, ఏడో సీడు స్టెఫనోస్ సిట్సిపాస్ ఇద్దరూ తొలి రౌండులోనే ఇంటిదారి పట్టారు. వీరిలో సిట్సిపాస్ జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్లో ఫెదరర్‌ను ఓడించినవాడు. పెద్దవాళ్లను గద్దె దించుతారని అందరూ ఎదురుచూస్తున్న తరానికి పచ్చిక ఇంకా అర్థం కాలేదు. దీనిమీద పాదాలు మోపడం, తక్కువ ఎత్తుకు లేచే బంతికి మోకాళ్లు వంచడం, ముందుకు కదిలి నెట్ దగ్గర ముగించడం ఏళ్ల సాధనతో వచ్చేవి. పచ్చికపై ఆడే కాలం ఏడాదికి కొన్ని వారాలే కాబట్టి ఆ సాధన వయసుతోనే పోగవుతుంది.

అయితే సాయంత్రం గుట్ట మీద కూర్చుని చూసిన మ్యాచ్ ఇందుకు ఎదురుసాక్ష్యం చెప్పింది. ఐదుసార్లు ఇక్కడ సింగిల్స్ గెలిచిన 39 ఏళ్ల వీనస్ విలియమ్స్‌ను, క్వాలిఫయింగ్ ఆడి వచ్చిన 15 ఏళ్ల కోకో గాఫ్ 6-4, 6-4తో ఓడించింది. పచ్చిక అనుభవానికి విలువ ఇస్తుంది గానీ, అడుగు ఆలస్యమైతే ఎవరినీ క్షమించదు.

జూలై 2, మంగళవారం

దక్షిణాఫ్రికా కుర్రవాడు లాయిడ్ హారిస్ చేతిలో ఫెదరర్ మొదటి సెట్ 3-6తో కోల్పోయినప్పుడు గుట్ట మీద ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. మొదటి రోజుల్లో పచ్చిక పచ్చిగా, తేమగా ఉండి కాలు జారుతుంది. ఫెదరర్ వరిగట్టు మీద నడుస్తున్నవాడిలా చిన్న చిన్న అడుగులు వేస్తూ అరగంట గడిపాడు. తర్వాతి మూడు సెట్లు 6-1, 6-2, 6-2. నేను గమనించిందల్లా ఒకటే, వెనకబడినప్పుడు అతను పాయింట్లను పొడిగించలేదు, ఇంకా కుదించాడు. ఇవాళే ఐదో సీడు డొమినిక్ థీమ్ కూడా శామ్ క్వెరీ చేతిలో ఓడాడు. అంటే ఐదు, ఆరు, ఏడు సీడుల్లో ఒక్కరూ రెండో రౌండు చూడలేదు.

జూలై 4, గురువారం

నిన్నటి సాయంత్రం తమ్ముడి దగ్గర గుడారం అరువు తెచ్చుకుని పార్కులోనే పడుకున్నాను. తెల్లవారుజామున నిర్వాహకులు గుడారాల మధ్య తిరుగుతూ అందరినీ లేపారు, సామాను భద్రపరచుకునే చోట అప్పగించి వరుసలో నిలబడితే చేతికి పట్టీ కట్టారు, ఒకటో నంబరు కోర్టు టికెట్ దొరికింది. ఈ ఏడాదే కొత్తగా పైకప్పు అమర్చిన కోర్టు ఇది. నిరుడు ఆండర్సన్ చేతిలో ఓడిందీ ఇక్కడే కనుక ఫెదరర్ లోపలికి వస్తున్నప్పుడు పక్కనున్న ఇంగ్లిష్ పెద్దావిడ, మంత్రం చదువుతున్నట్టు పెదవులు కదిపింది.

ప్రత్యర్థి స్థానిక యువకుడు జే క్లార్క్. స్కోరు 6-1, 7-6 (7-3), 6-2. మ్యాచ్ సంగతి అంతకు మించి చెప్పనక్కరలేదు. ఫెదరర్‌ను ఎదురుగా చూస్తే టీవీలో తెలియని సంగతులు తెలిసిన మాట మాత్రం రాయాలి. మొదటిది అతని సర్వీస్. బంతిని పైకి ఎగరేసే చోటు ఎప్పుడూ ఒకటే, అక్కడి నుంచి అది కుడికి వెళ్తుందో, ఎడమకు వెళ్తుందో, ఒంటి మీదికి వస్తుందో చివరి క్షణం దాకా తేలదు. అతని వేగాన్ని మించినవారు చాలామంది ఉన్నారు, ఈ దాపరికం మాత్రం ఎవరికీ లేదు. ఒక పాయింటు ముగిశాక తదుపరి పాయింటుకు సిద్ధం కావడానికి అతనికి పెద్దగా సమయం పట్టదు, అందువల్ల ఒక్కోసారి ఒక గేమ్ మొత్తం మనం నీళ్ల సీసా మూత బిగించే లోపే అయిపోతుంది. రెండోది అతను నిలబడే చోటు. బేస్‌లైన్‌కు (కోర్టు వెనుక గీతకు) ఆనుకుని నిలబడి, బంతి నేలను తాకి లేస్తుండగానే కొడతాడు. వెనక్కి జరిగితే పరుగెత్తవలసిన దూరం పెరుగుతుంది, ముందు నిలబడితే పరుగంతా ప్రత్యర్థి వంతు.

ఈ ఒడుపుకు రాకెట్ మార్పు కూడా తోడైంది. 2014లో అతను తలభాగం 90 చదరపు అంగుళాలుండే రాకెట్‌ను వదిలి 97 చదరపు అంగుళాలది చేపట్టాడు. భుజం ఎత్తున వచ్చే బంతులకు తడబడే ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ ఆ తర్వాతే దాడికి పనికొచ్చింది. 2016లో మోకాలి శస్త్రచికిత్స, ఆరు నెలల విరామం తర్వాత 2017లో ఒక్క సెట్ కూడా కోల్పోకుండా ఎనిమిదో వింబుల్డన్ టైటిల్ గెలిచింది ఈ రాకెట్‌తోనే. అప్పటికి 35 ఏళ్లు. ఓపెన్ యుగంలో, అంటే ప్రొఫెషనల్ ఆటగాళ్లనూ అనుమతించిన 1968 నుంచి, అంత పెద్ద వయసులో ఇక్కడ పురుషుల సింగిల్స్ గెలిచినవారు మరొకరు లేరు.

పచ్చిక గురించి ఒక మాట. 2001 నుంచి ఈ కోర్టుల్లో పూర్తిగా రై గడ్డినే పెంచుతున్నారు, ఆట కోసం దాన్ని 8 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తారు. అంతకు ముందు 30 శాతం ఫెస్క్యూ గడ్డి కలిసి ఉండేది. నేల గట్టిపడి బంతి పూర్వం కన్నా ఎత్తుకు, నిలకడగా లేస్తోంది. అందుకే సర్వీస్ చేసి నెట్‌కు పరుగెత్తే పాతకాలపు ఆట దాదాపు పోయి, బేస్‌లైన్ నుంచి ఆడేవారు ఇక్కడ రాజులయ్యారు. ముసలి చాంపియన్‌కు పచ్చిక ఇచ్చే రక్షణ ముప్పై ఏళ్ల క్రితం ఉన్నంతగా ఇప్పుడు లేదు. జకోవిచ్ లాంటివాడిపై అది అసలే చాలదు.

జూలై 6, శనివారం

లుకా పుయ్‌పై 7-5, 6-2, 7-6 (7-4). గ్రాండ్‌స్లామ్‌లలో ఫెదరర్‌కు ఇది 350వ విజయం. ఎండ పెరిగింది, గుట్ట మీద స్ట్రాబెర్రీలు క్రీముతో రెండున్నర పౌండ్లకు అమ్మారు, అవి కూడా త్వరగా అయిపోయాయి.

జూలై 7, ఆదివారం

మధ్య ఆదివారం కనుక ఇవాళ ఆట లేదు. వింబుల్డన్ స్టేషన్ వైపు వెళ్లి వర్పుల్ రోడ్డు చూశాను. 1877లో మొదటి చాంపియన్‌షిప్ జరిగిందీ, 1922లో చర్చ్ రోడ్డుకు తరలేదాకా ఈ టోర్నీ నడిచిందీ ఇక్కడే. ఇప్పుడది ఒక బాలికల పాఠశాల ఆటస్థలం.

ఇక్కడే 1909లో ఆర్థర్ గోర్ 41 ఏళ్ల వయసులో సింగిల్స్ గెలిచాడు. ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. వృద్ధ చాంపియన్ల గురించి మాట్లాడేవారు ఈ పేరు తప్పక చెబుతారు గానీ, అందులోని కిటుకు చెప్పరు. ఆ రోజుల్లో డిఫెండింగ్ చాంపియన్ నేరుగా చివరి మ్యాచ్‌కు వచ్చేవాడు. మిగిలినవారంతా తమలో తాము పోరాడి ఒకరిని మిగిల్చాక ఆ ఒక్కరితో తలపడితే చాలు. గోర్ ఆ ఏడాది ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, అందులోనూ మొదటి రెండు సెట్లు ఓడి తర్వాత మూడూ గెలిచాడు. ఆ పద్ధతిని 1922లో రద్దు చేశారు.

అసలు పోలిక కెన్ రోజ్‌వాల్‌తో చేయాలి. 1974లో 39 ఏళ్ల రోజ్‌వాల్ క్వార్టర్స్‌లో జాన్ న్యూకోంబ్‌ను ఓడించాడు, సెమీస్‌లో స్టాన్ స్మిత్‌పై రెండు సెట్లు వెనకబడి ఐదు సెట్లలో గెలిచాడు. ఫైనల్లో 21 ఏళ్ల జిమ్మీ కానర్స్ ఎదుట 1-6, 1-6, 4-6. ఫైనల్‌కు చేరడానికే ఒంట్లోని శక్తి అంతా అయిపోయింది. నేను గంటలు లెక్కపెడుతున్నది ఈ ఉదాహరణ వల్లనే.

సాయంత్రం తమ్ముడి ఇంట్లో ధోనీ 38వ పుట్టినరోజని కేకు కోశారు.

జూలై 8, సోమవారం

మతియో బెరెతినీకి 23 ఏళ్లు, జూన్‌లో స్టట్‌గార్ట్ పచ్చికపై టైటిల్ గెలిచి వచ్చినవాడు, భారీ సర్వీస్ ఉన్నవాడు. ఫెదరర్ అతన్ని 6-1, 6-2, 6-2తో 74 నిమిషాల్లో పంపేశాడు. నెట్ దగ్గర చేయి కలిపినప్పుడు ఈ పాఠానికి రుసుము ఎంతని బెరెతినీ సరదాగా అడిగాడట. ప్రిక్వార్టర్స్ ముగిసేసరికి ఫెదరర్ ఒక్కటే సెట్ కోల్పోయాడు, ఒక్క ఐదు సెట్ల మ్యాచ్ కూడా ఆడలేదు. సెమీస్, ఫైనల్ కోసం నిల్వ చేసుకోవలసింది నిల్వ చేసుకున్నాడు.

జూలై 10, బుధవారం

ఈ ఒక్క రోజు నేను గుట్ట మీదికి వెళ్లలేదు. మాంచెస్టర్‌లో వర్షం వల్ల ఆగిన సెమీఫైనల్ ఇవాళ కొనసాగడంతో తమ్ముడి ఇంటి హాలు తెలుగువాళ్లతో నిండిపోయింది. ఒక తెర మీద భారత్–న్యూజిలాండ్, నా ఒళ్లోని ల్యాప్‌టాప్‌లో ఫెదరర్–నిషికోరి.

240 పరుగుల లక్ష్యం, మొదట్లోనే కుప్పకూలిన బ్యాటింగ్, జడేజా 77, చివరికి ధోనీ 50 పరుగుల వద్ద గప్టిల్ నేరుగా విసిరిన బంతికి రనౌట్. అంగుళాల తేడా. వికెట్ల మధ్య పరుగులో తనకు సాటి లేదని పేరుపడ్డ మనిషి ఆ అంగుళాల దగ్గరే ఆగిపోవడం చూసి ఆ హాల్లో ఎవరికీ నోట మాట రాలేదు. భారత్ 18 పరుగులతో ఓడింది.

ఫెదరర్ కూడా కెయ్ నిషికోరిపై మొదటి సెట్ 4-6తో కోల్పోయాడు. తర్వాత 6-1, 6-4, 6-4. వింబుల్డన్ సింగిల్స్‌లో ఇది అతని వందో విజయం, ఒకే గ్రాండ్‌స్లామ్‌లో వంద గెలిచిన పురుషుడు అంతకు ముందు లేడు. వందో విజయం వార్తను ఆ ఇంట్లో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరిలో ఒకరికి అడుగు సరిపోయింది, ఇంకొకరికి సరిపోలేదు. అయితే ఒక తేడా మరువకూడదు. ధోనీ పరుగును నిర్ణయించేది బంతీ, అవతలి ఫీల్డరూ. ఫెదరర్ మాత్రం సర్వీస్ ఉన్నంతసేపూ పాయింటు ఎలా మొదలవ్వాలో తానే నిర్ణయించుకోగలడు. టెన్నిస్‌లో వయసును సర్వీస్ దాచినంతగా మరేదీ దాచదు.

జూలై 12, శుక్రవారం

2008 ఫైనల్ తర్వాత వింబుల్డన్‌లో ఫెదరర్, నాదల్ మళ్లీ ఎదురుపడింది ఇవాళే. గుట్ట మీద తువ్వాలు పరిచే చోటు కూడా లేకపోయింది.

మొదటి సెట్ టైబ్రేక్‌లో (6-6 దగ్గర సెట్‌ను తేల్చే, ముందుగా కనీసం రెండు పాయింట్ల తేడాతో ఏడు పాయింట్లు సాధించినవారు గెలిచే గేమ్‌లో) ఫెదరర్‌ది. రెండో సెట్ 1-6తో పోయినప్పుడు ఆందోళన పడినవారికి నేను చెప్పదలచుకున్నది ఒకటే, అది వయసు మీదపడ్డ ఓటమి కాదు. తాను సర్వీస్ చేసిన గేములు రెండు పోయాక ఆ సెట్‌పై శ్రమ పెట్టకుండా వదిలేసి మూడోదానికి కాళ్లు దాచుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. మూడో సెట్ 6-3, నాలుగోది 6-4. ఐదో మ్యాచ్ పాయింటుపై గానీ నాదల్ లొంగలేదు. రెండో వారానికి బేస్‌లైన్ వెంట గడ్డి అరిగి గోధుమరంగు నేల బయటపడింది, బంతి ఎత్తుకు లేస్తోంది, అది నాదల్‌కు అనుకూలించాలి. అయినా ఫెదరర్ బ్యాక్‌హ్యాండ్ నిలబడింది. మ్యాచ్ మూడు గంటలు దాటింది. 1974లో రోజ్‌వాల్ తర్వాత ఇంత పెద్ద వయసులో గ్రాండ్‌స్లామ్ ఫైనల్ చేరిన మొదటి పురుషుడు ఫెదరరే.

జూలై 13, శనివారం

సెరెనా విలియమ్స్ కూడా 1981లోనే పుట్టింది. 24వ గ్రాండ్‌స్లామ్ కోసం ఫైనల్ ఆడిన ఆమెను సిమోనా హలెప్ 56 నిమిషాల్లో 6-2, 6-2తో ఓడించింది. మ్యాచ్ మొత్తంలో హలెప్ చేసిన అనవసర తప్పిదాలు మూడే. సెరెనా కొట్టిన ప్రతి బంతీ తిరిగి వచ్చింది, తిరిగి వచ్చిన ప్రతి బంతికీ ఆమె ఇంకొంచెం గీత దగ్గరకు గురిపెట్టవలసి వచ్చింది. సర్వీస్ దాచిన వయసును మంచి రిటర్న్, అంటే సర్వీస్‌ను తిప్పికొట్టే నేర్పు, బయటపెడుతుంది. రేపు ఫెదరర్ ఎదుట నిలబడేది ఈ తరంలో అత్యుత్తమ రిటర్న్ ఉన్నవాడని తలచుకుంటే రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

జూలై 14, ఆదివారం

మధ్యాహ్నం రెండింటికి మొదలైన మ్యాచ్ 4 గంటల 57 నిమిషాలు సాగింది. వింబుల్డన్ ఫైనల్స్‌లో ఇంత సుదీర్ఘమైనది లేదు.

మొదటి సెట్ టైబ్రేక్‌లో ఫెదరర్ 5-3తో ముందుండి 5-7తో ఓడాడు. రెండో సెట్ 6-1తో అతనిదే. మూడోది మళ్లీ టైబ్రేక్, 4-7, మళ్లీ జకోవిచ్‌ది. ఆ మూడు సెట్లలో ఫెదరర్ తన సర్వీస్ ఒక్కసారి కూడా కోల్పోలేదు, అయినా 1-2తో వెనకబడి ఉన్నాడు. గుట్ట మీద కొందరు ఒక చెవికి లార్డ్స్ వ్యాఖ్యానం తగిలించుకున్నారు, ఇంగ్లండ్–న్యూజిలాండ్ ప్రపంచ కప్ ఫైనల్ అక్కడ ఇదే తీరున సాగుతోంది. నాలుగో సెట్ 6-4తో ఫెదరర్‌ది.

ఐదో సెట్ కోసమే నేను రెండు వారాలుగా లెక్కలు వేస్తున్నాను. జకోవిచ్ బ్రేక్ సాధించి, అంటే ఫెదరర్ సర్వీస్ చేసిన గేమ్‌ను గెలుచుకుని, 4-2తో ముందుకు వెళ్లినప్పుడు, రోజ్‌వాల్ కథ పునరావృతమవుతుందని అనుకున్నవారు చాలామందే ఉంటారు. ఫెదరర్ ఆ బ్రేక్‌ను తిరిగి రాబట్టాడు. 7-7 దగ్గర మరోసారి బ్రేక్ చేసి, 8-7తో టైటిల్ కోసం సర్వీస్ చేశాడు. 40-15. రెండు చాంపియన్‌షిప్ పాయింట్లు. మొదటిదానికి అతని ఫోర్‌హ్యాండ్ పక్కకు పోయింది. రెండోదానికి ఫోర్‌హ్యాండ్ కొట్టి నెట్ వైపు కదిలితే, జకోవిచ్ కోర్టుకు అడ్డంగా కొట్టిన బంతి అతన్ని దాటి వెళ్లింది. తర్వాత బ్రేక్, 8-8. అక్కడి నుంచి 12-12 దాకా నడిచి, ఈ ఏడాదే ప్రవేశపెట్టిన చివరి సెట్ టైబ్రేక్ వచ్చింది. నిరుడు ఆండర్సన్, ఇస్నర్ సెమీఫైనల్ 26-24 దాకా సాగడంతో పెట్టిన నిబంధన అది. జకోవిచ్ 7-3తో గెలిచాడు. ఇక్కడి పురుషుల ఫైనల్లో చాంపియన్‌షిప్ పాయింటు కాచుకుని గెలిచినవారు 1948లో బాబ్ ఫాల్కెన్‌బర్గ్ తర్వాత ఇతనే.

కళ్లు చెమర్చిన సంగతి పక్కన పెట్టి అంకెలు చూడాలి. ఫెదరర్ గెలిచిన పాయింట్లు 218, జకోవిచ్ 204. గేములు 36, 32. ఏస్‌లు (ప్రత్యర్థి తాకలేని సర్వీసులు) 25, 10. విన్నర్లు (ప్రత్యర్థికి అందకుండా పాయింటు ముగించిన షాట్లు) 94, 54. సర్వీస్ బ్రేకులు 7, 3. మూడు టైబ్రేకుల్లో కలిపి ఆడిన 33 పాయింట్లలో మాత్రం జకోవిచ్‌కు 21, ఫెదరర్‌కు 12. ఆ 33 తీసేస్తే ఫెదరర్ ఆధిక్యం 23 పాయింట్లు. ఐదో గంటలో 37 ఏళ్ల కాళ్లు తడబడలేదు. 8-7 దగ్గర నెట్ వైపు వెళ్లింది కూడా ఆ కాళ్లే. గంటల లెక్క ప్రకారం అతను గెలవడానికి కావలసినంత మిగుల్చుకున్నాడు. అతనికి అందనిది టైబ్రేక్‌లో జకోవిచ్ పాటించిన పిసినారితనం. అక్కడ జకోవిచ్ తప్పులు చేయడం పూర్తిగా మానేస్తాడు, విన్నర్ కోసం కూడా ఎదురుచూడడు, అవతలివాడు తొందరపడే దాకా బంతిని లోపల ఉంచుతాడు. దాడితోనే పాయింట్లు కుదించుకుని ఇంతదూరం వచ్చినవాడు ఆ క్షణాన ఆడే తీరు మార్చుకోలేడు, మార్చుకుంటే ఇక్కడిదాకా వచ్చేవాడు కాడు.

37 ఏళ్లకే అన్నీ అయిపోలేదని తనను చూసి ఇంకొందరు నమ్మితే చాలన్న అర్థం వచ్చేలా కోర్టుపైనే మాట్లాడాడు ఫెదరర్. గుట్ట దిగి సౌత్‌ఫీల్డ్స్ వైపు నడుస్తుంటే చర్చ్ రోడ్డు పొడవునా ఒకటే వాదం: ఆ రెండో పాయింటుకు అతను నెట్‌కు వెళ్లి ఉండాల్సిందా, కాదా. దాదాపు అదే సమయానికి లార్డ్స్‌లో సూపర్ ఓవర్ కూడా సమమై, బౌండరీల లెక్కతో ఇంగ్లండ్ గెలిచిందని తమ్ముడు ఫోన్ చేశాడు. నీవాడి సంగతేమిటని అడిగాడు. ఇదే సీడింగు, జకోవిచ్‌కు ఇంతే దూరంగా ఉండే డ్రా దొరికితే వచ్చే ఏడాది కూడా ఫెదరర్‌ను ఫైనల్లో చూస్తామని, అవతల జకోవిచ్ ఉండి సెట్లు 6-6కు చేరితే మాత్రం నేను ఫెదరర్‌పై పందెం కాయనని చెప్పాను.